పిర్ర లోతున నొప్పి: పిరిఫార్మిస్ ఇంజక్షన్ ఎలా వేయించుకోవాలి, ఎక్కడ, ఏ మందుతో?

పిర్ర నడిమధ్యన లోతుగా ఉండే నొప్పి. కూర్చున్న అరగంటకే మొదలవుతుంది, లేచి నాలుగడుగులు వేస్తే కొంచెం వదులుతుంది. తొడ వెనక నుంచి కిందికి లాగుతుంది, ఒక్కోసారి పాదం దాకా జివ్వుమంటుంది. ఎమ్మారై తీయిస్తే డిస్కు అంతగా ఏమీ లేదంటారు. ఒడిశా వైపు బరంపురంలోనో రాయగడలోనో, సరిహద్దు దాటి ఆంధ్రలో శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఒక డాక్టరు "ఇది పిరిఫార్మిస్ కావచ్చు, ఇంజక్షన్ చేసి చూద్దాం" అంటారు. అక్కడి నుంచి ప్రశ్నలు. చేత్తో తడిమి వేసేదా, సీ-ఆర్మ్ కింద వేసేదా, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేసేదా? ఆ చోటును మొద్దుబార్చే మత్తు మందు ఒక్కటే చాలా, స్టెరాయిడ్ కలపాలా, బొటాక్స్ దాకా వెళ్ళాలా?

మా మాట ముందే చెప్పేస్తాం. ఈ సూదికి రెండు పనులున్నాయి. నొప్పి నిజంగా ఆ కండరానిదేనా అని తేల్చడం ఒకటి, దాన్ని తగ్గించడం రెండోది. చాలామంది రెండోదాని కోసమే డబ్బు కట్టి, మొదటిది చేతికందుతున్నా వదిలేసుకుంటారు. సూది కొన ఎక్కడుందో కంటికి కనబడాలి, వేసిన అరగంటకు మిమ్మల్ని మళ్ళీ పరీక్షించాలి. ఈ రెండూ జరిగేచోటు దొరికితే మందు ఏదన్నది ఆ తర్వాతి మాట.

పిరిఫార్మిస్ అంటే పిర్ర పైనున్న పెద్ద కండరం కింద అడ్డంగా పడుకున్న చిన్న కండరం. నడుం అడుగున ఉండే త్రికాస్థి లోపలి వైపు నుంచి బయల్దేరి, కటి ఎముకల సందులోంచి బయటికొచ్చి, తుంటి పక్కన తొడ ఎముక గుబ్బకు అతుక్కుంటుంది. సయాటిక్ నరం ఎక్కువమందిలో దీని కింది అంచు దగ్గర బయటికి వస్తుంది. నూటికి 15 నుంచి 17 మందిలో ఆ నరమో, నరంలో ఒక పాయో కండరాన్ని చీల్చుకుని గానీ పై నుంచి గానీ వస్తుంది. రిపోర్టులో ఆ మాట కనబడితే కంగారు పడకండి. అలాంటి నరం ఉన్నవాళ్ళలో చాలామందికి జన్మంతా ఏ నొప్పీ ఉండదు. పిరిఫార్మిస్ సిండ్రోమ్ అన్న పేరు 1947లో రాబిన్సన్ అనే వైద్యుడు పెట్టారు. ఇన్నేళ్ళయినా ఇది ఉందని ఒంటిగా తేల్చిచెప్పే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. సూది పరీక్షకు విలువ అందుకే.

సూది దాకా వెళ్ళకముందు

డాక్టరు దగ్గర మొదట చెయ్యాల్సిన పని ఒక వేలితో చూపించడం. ఒడియాలో "అంటా బింధా" అన్నా, తెలుగులో "నడుం నొప్పి" అన్నా మీ ఫైలు నేరుగా డిస్కు ఫైలైపోతుంది. నొప్పి నడుంలో కాక పిర్రలో ఉంటే మాటలు మాని వేలు పెట్టండి. నడుం కింద సొట్ట పడే చోట, ఎముక గట్టిగా తగిలే దగ్గర వేలు ఆగితే ముందు అనుమానించాల్సింది త్రికాస్థి కటి ఎముకతో కలిసే సాక్రో-ఇలియాక్ కీలును. గజ్జలోకి వెళ్తే తుంటి కీలును. కూర్చున్నప్పుడు బల్లకు ఆనే ఎముక మీద ఆగితే తొడ వెనక కండరాల మొదలును. పిర్ర మధ్యలో, త్రికాస్థి అంచుకూ తుంటి గుబ్బకూ నడుమ ఆగితేనే పిరిఫార్మిస్ మాట ఎత్తాలి.

తర్వాత డాక్టరు మిమ్మల్ని పక్కకు పడుకోబెట్టి, పైకాలు తుంటి దగ్గర మడిచి, మోకాలిని లోపలికీ కిందికీ నొక్కుతారు. మీకు రోజూ వచ్చే నొప్పే అప్పుడు వస్తే అది లెక్కలోకి వస్తుంది. కొత్తరకం నొప్పి వస్తే రాదు. ఇంజక్షన్ తర్వాత ఇదే పరీక్ష మళ్ళీ చేస్తారు కాబట్టి, సూదికి ముందు పదికి ఎంత నొప్పి ఉందో కాగితం మీద రాయించండి.

ఈ ప్రాంతంలో ఒక మాట తప్పక చెప్పుకోవాలి. కోరాపుట్, రాయగడ వైపూ, ఇటు మన్యంలోనూ సికిల్ సెల్ జబ్బు ఉన్న కుటుంబాలు చాలా. ఆ జబ్బులో తొడ ఎముక తలకు రక్తం అందక అది దెబ్బతింటుంది. ఆ నొప్పి గజ్జలోనే కాదు, పిర్రలో కూడా పలుకుతుంది. ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ ఉంటే నడుం ఎమ్మారైతో ఆగకుండా తుంటి కీలు ఎక్స్‌రే, అనుమానం ఉంటే తుంటి ఎమ్మారై కూడా తీయించాకే పిర్రలో సూది. స్టెరాయిడ్ పడితే సికిల్ సెల్ ఉన్నవారికి ఒళ్ళంతా నొప్పులు విజృంభించే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ సంగతి డాక్టరు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి.

మూత్రం రాక ఆగిపోవడమో ఆపుకోలేకపోవడమో, మలద్వారం చుట్టూ స్పర్శ పోవడం, పాదం పైకి లేవకపోవడం, రాత్రుళ్ళు జ్వరం, బరువు తగ్గడం: ఇందులో ఏది ఉన్నా ఇంజక్షన్ ఆలోచన పక్కన పెట్టి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ఇవేవీ లేకపోతే ముందు ఆరు వారాలు వ్యాయామమే. వెల్లకిలా పడుకుని, నొప్పి కాలి మడమను రెండో మోకాలి మీద పెట్టి, ఆ రెండో తొడను ఛాతీ వైపు లాక్కోవాలి. 30 సెకన్లు, మూడుసార్లు, పొద్దున్నా సాయంత్రమూ. దానితోపాటు పిర్ర కండరాలకు బలమిచ్చేవి కూడా చెయ్యాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుం ఎత్తడం, పక్కకు పడుకుని పాదాలు కలిపి పై మోకాలు తెరవడం. లాగుడు ఒక్కటే చేసి బలం వదిలేస్తే నొప్పి తిరిగొస్తుంది. పలాసలో జీడిపిక్కలు ఒలిచేవారు, బరంపురంలో పట్టు మగ్గం ముందు కూర్చునేవారు, ఘాట్‌రోడ్డు మీద జీపులు నడిపేవారు ఆరు వారాలు పని మానలేరు, మేమూ మానమనం. అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు నిలబడితే చాలు. పర్సు మాత్రం వెనక జేబులోంచి తీసెయ్యండి. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఇచ్చేది వైద్యంలో అరుదు.

ఆరు వారాలు నిజంగా చేసినా కూర్చోలేకపోతున్నారా? అప్పుడు సూది.

చేత్తో తడిమి వేసేది, సీ-ఆర్మ్, అల్ట్రాసౌండ్

చేత్తో తడిమి వేసే పద్ధతిలో త్రికాస్థి అంచు, తుంటి గుబ్బ వేళ్ళతో పట్టుకుని, మధ్యలో బాగా నొప్పి ఉన్నచోట సూది దించుతారు. యంత్రం అక్కర్లేదు, ఖర్చు తక్కువ, ఎక్కడైనా దొరుకుతుంది. తంటా ఏమిటంటే పైనున్న పెద్ద పిర్ర కండరం మందంగా ఉంటుంది. సూది దాన్ని దాటిందో లేదో చేతికి తెలియదు. మందు పై కండరంలో పడితే నొప్పి తగ్గదు, పిరిఫార్మిస్ కాదేమో అనుకుని అసలు జబ్బును వదిలేస్తారు. ఇంకా లోతుకు పోతే నరం చుట్టూ పడి కాలంతా మొద్దుబారుతుంది. దీన్ని మేం చివరి వరసలో పెడతాం.

ఊళ్ళో ఆర్‌ఎంపీ పిర్రలో వేసే డైక్లోఫెనాక్ ఇంజక్షన్‌కీ దీనికీ సంబంధం లేదు. అది ఏ కండరంలో పడినా రక్తంలో కలిసి ఒళ్ళంతా పనిచేసే మందు. పైగా పిర్ర కింది భాగంలో, లోపలి వైపు వేస్తే సయాటిక్ నరానికే దెబ్బ. ఇప్పటికే కాలు లాగుతున్నవారు ఆ వైపు పిర్రలో ఏ సూదీ వేయించుకోవద్దు. సూది తప్పదంటే రెండో వైపు, పిర్ర పై బయటి భాగంలో వేయమనండి.

సీ-ఆర్మ్ అంటే ఎక్స్‌రేని టీవీలాగా చూపించే యంత్రం. ఎముకలు స్పష్టంగా కనబడతాయి గానీ కండరం కనబడదు, నరం కనబడదు. అందుకే అయోడిన్ రంగు మందు కొంచెం ఎక్కించి, అది కండరం పొడవునా చారలా పరుచుకుందా అని చూస్తారు. కొందరు దీనితోపాటు నరాన్ని కరెంటుతో తట్టి చూసే స్టిమ్యులేటర్ సూది కూడా వాడతారు. అది నరం ఎంత దగ్గరో చెబుతుంది. రంగు చార చూసి మోసపోవడం తేలిక. 2008లో మృతదేహాల మీద చేసిన ఒక అధ్యయనంలో 20 కండరాలకు రెండు పద్ధతుల్లోనూ సూది వేసి, తర్వాత కోసి చూశారు. అల్ట్రాసౌండ్‌తో వేసినవి 19 సరైనచోట పడ్డాయి. సీ-ఆర్మ్, రంగు మందుతో వేసినవి 6 మాత్రమే పడ్డాయి. తప్పినవాటిలో ఎక్కువ పై కండరంలోనే ఉండిపోయాయి.

అంత తేడా ఉన్నా 2014లో రోగుల మీద అల్ట్రాసౌండ్‌నూ, సీ-ఆర్మ్ స్టిమ్యులేటర్ జంటనూ పోల్చిచూస్తే నొప్పి తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి మంచి చెయ్యి తిరిగిన డాక్టరు సీ-ఆర్మ్‌తో, స్టిమ్యులేటర్‌తో వేస్తానంటే అది తీసిపారేసే దారి కాదు. స్టిమ్యులేటర్ లేకుండా సీ-ఆర్మ్ ఒక్కటే అంటే రెండోసారి ఆలోచించండి.

అల్ట్రాసౌండ్‌లో కండరం, నరం, పక్కనే కొట్టుకునే పిర్ర రక్తనాళాలు, సూది, మందు పరుచుకోవడం అన్నీ ఒకే తెర మీద కనబడతాయి. రేడియేషన్ లేదు, రంగు మందు అక్కర్లేదు, అయోడిన్ పడనివారికీ ఇబ్బంది లేదు. లోపాలూ ఉన్నాయి. లావుగా ఉన్నవారిలో లోతు పెరిగేకొద్దీ బొమ్మ మసకబారుతుంది. కటి లోపలున్న కండరం భాగం అసలు కనబడదు. అన్నిటికన్నా పెద్దది, పట్టిన చేతిని బట్టి ఫలితం మారడం. ప్రోబ్ (ఒంటికి ఆనించే స్కానింగ్ పరికరం) కొంచెం కిందికి జారితే పిరిఫార్మిస్ కింద ఉండే చిన్న కండరాలు అదేలాగ కనబడతాయి, కొత్తచేతులు వాటిలో మందు పోసి వస్తాయి.

సీటీ స్కాన్ కింద వేయడం కచ్చితమైనదే. బాగా లావుగా ఉండి స్కానింగ్‌లో ఏమీ కనబడనివారికి తప్ప రేడియేషన్‌కీ ఖర్చుకీ తగిన లాభం లేదు.

యంత్రం ఒకచోట, చెయ్యి ఒకచోట

అల్ట్రాసౌండే మేలంటే అది ఎక్కడ దొరుకుతుందన్నది సరిహద్దు జిల్లాల్లో అసలు ప్రశ్న. గర్భంలో ఆడా మగా పరీక్ష ఆపడానికి 1994లో వచ్చిన చట్టం కింద అల్ట్రాసౌండ్ యంత్రం ఏదైనా, నొప్పి ఇంజక్షన్లకే వాడేదైనా సరే, రిజిస్టర్ కావాలి. అది రిజిస్టరైన చోటే వాడాలి. అందువల్ల చిన్న పట్నాల్లో ఎముకల డాక్టరు థియేటర్లో సీ-ఆర్మ్ ఉంటుంది, అల్ట్రాసౌండ్ ఉండదు. స్కానింగ్ సెంటర్లో యంత్రం ఉంటుంది, కానీ అక్కడి వారు కడుపు స్కానులు చేస్తారు తప్ప పిర్రలో సూది వెయ్యరు.

కాబట్టి ఫోను చేసినప్పుడు "మీ దగ్గర అల్ట్రాసౌండ్ ఉందా" అని అడిగితే లాభం లేదు. "పిరిఫార్మిస్ ఇంజక్షన్ అల్ట్రాసౌండ్‌లో సూదిని చూస్తూ ఎవరు వేస్తారు, ప్రోబ్ పట్టేదీ సూది పట్టేదీ ఒకరేనా?" అని అడగండి. ఒకరే అయితే మంచిది. రేడియాలజిస్టు ప్రోబ్ పట్టి ఎముకల డాక్టరు సూది వేస్తే కూడా కుదురుతుంది, వాళ్ళిద్దరూ కలిసి చేసే అలవాటు ఉంటే. చోటు మాత్రం స్కాన్ చేసి, పెన్నుతో గుర్తు పెట్టి, తర్వాత పక్క గదిలో సూది వేస్తామంటే అది చేత్తో తడిమి వేసినట్టే. తోలు మీద గుర్తు లోతు చెప్పదు.

అడగాల్సిన విభాగాలు రెండు: మత్తు డాక్టర్లు నడిపే పెయిన్ క్లినిక్, ఫిజికల్ మెడిసిన్ విభాగం. బరంపురంలో ఎంకేసీజీ, కోరాపుట్‌లో ఎస్‌ఎల్‌ఎన్, శ్రీకాకుళం, విశాఖ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు, ఇంకా పైన భువనేశ్వర్ ఎయిమ్స్: ఏది దగ్గరైతే అక్కడ ఓపీలో ముందు కనుక్కోండి. ఆరోగ్య కార్డు ఒక రాష్ట్రానిది, ఆసుపత్రి ఇంకో రాష్ట్రానిది అయితే డబ్బు సంగతి బయల్దేరే ముందురోజే తేల్చుకోండి. బిల్లు ముక్కలుగా చెప్పమనండి: డాక్టరు ఫీజు, గది, యంత్రం, మందు. మత్తు మందూ స్టెరాయిడూ చవకైనవి. మందు పేరిట పెద్ద అంకె కనబడితే అది బొటాక్సో, మీరు అడగనిదేదో అయ్యుంటుంది.

గదిలో జరిగేది

బోర్లా పడుకోబెడతారు, పొత్తికడుపు కింద దిండు. పిర్ర లోతైనది కాబట్టి కడుపు స్కానుకి వాడే వంపు ప్రోబే కావాలి. మెడ స్కానుకి వాడే సన్న ప్రోబ్‌తో మొదలుపెడితే, చాలా సన్నగా ఉన్నవారికి తప్ప, ఏమీ కనబడదు. ముందు నడుం సొట్ట దగ్గర ఎముక తెల్లగీతలా కనబడుతుంది. ప్రోబ్ కిందికి జరుపుతుంటే ఆ తెల్లగీత లోపలి సగం ఒక్కసారి మాయమవుతుంది. కటి ఎముకల సందు అదే. అక్కడ ప్రోబ్‌ని తుంటి గుబ్బ వైపు వాలిస్తే పై కండరం కింద రెండో పొర కనబడుతుంది.

ఇప్పుడు సహాయకుడు మీ మోకాలు మడిచి, కాలిని అటూ ఇటూ తిప్పుతాడు. పై కండరం కదలకుండా కింది పొర జారితే అది పిరిఫార్మిస్. ఈ తిప్పి చూడడం పది సెకన్ల పని. ఇది చెయ్యకుండా సూది తీస్తే ఆగమని అడిగే హక్కు మీకుంది. తర్వాత రక్తం పారడాన్ని రంగుల్లో చూపే డాప్లర్ పెట్టి రక్తనాళాలు ఎక్కడున్నాయో చూడాలి.

చర్మం శుభ్రం చేసి, ప్రోబ్‌కి స్టెరైల్ కవరు తొడిగి, 22 గేజీ స్పైనల్ సూదిని తెర మీద పొడవునా కనబడేలా పక్కవాటంగా దించుతారు. మామూలు స్పైనల్ సూది తొమ్మిది సెంటీమీటర్లు. బొద్దుగా ఉన్నవారికి అది చాలదు, 12 సెంటీమీటర్లది ముందే తెప్పించి ఉండాలి. కొన కండరంలోకి దిగాక మీకు రోజూ వచ్చే నొప్పి ఒక్కసారి పలుకుతుంది, అది మంచి గుర్తు. పాదం దాకా కరెంటు కొట్టినట్టు అనిపిస్తే మాత్రం వెంటనే నోరు తెరిచి చెప్పాలి, సూది వెనక్కి లాగాలి. అందుకే ఈ పనికి నిద్రమత్తు ఇవ్వకూడదు. భయం ఎక్కువని నిద్రపుచ్చితే నరంలోకి సూది వెళ్ళినా చెప్పేవాళ్ళుండరు.

మందు ఎక్కించేటప్పుడు కండరం లోపల ఉబ్బుతూ పరుచుకోవడం కనబడాలి. అది పొరల మధ్య పరుగెత్తితే కొన బయట ఉందన్నమాట. ఆ బొమ్మను సేవ్ చేసి ప్రింటు ఇవ్వమనండి.

సిరంజిలో ఏముండాలి

ఇక్కడ ఎక్కువ అంటే మేలు కాదు. మొత్తం 3 నుంచి 5 మిల్లీలీటర్లు చాలు. పది మిల్లీలీటర్లు పోస్తే మిగిలింది కండరం దాటి సయాటిక్ నరం చుట్టూ చేరుతుంది. అప్పుడు డిస్కు వల్ల వచ్చే కాలు లాగుడు కూడా కాసేపు మాయమవుతుంది, ఎందుకంటే నరం మొత్తమే నిద్రపోయింది. "సూదితో తగ్గింది కాబట్టి పిరిఫార్మిసే" అని రాసేస్తారు. డిస్కు అలాగే ఉంటుంది, మీరు ఆరు నెలలు తప్పు కండరాన్ని సాగదీస్తూ కూర్చుంటారు.

మత్తు మందు లిగ్నోకైన్ 1 శాతం అయితే గంట రెండు గంటలు పనిచేస్తుంది, బుపివకైన్ 0.25 శాతం అయితే కొన్ని గంటలు. తేల్చుకోవడానికి లిగ్నోకైన్ హాయి: త్వరగా పట్టి త్వరగా వదులుతుంది, కాలు మొద్దుబారినా త్వరగా తిరిగొస్తుంది. దూరం నుంచి వచ్చి అదేరోజు వెనక్కి వెళ్ళేవారికి మేం దాన్నే సూచిస్తాం. 1 శాతం మందు 5 మిల్లీలీటర్లంటే 50 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి హద్దు అయిన 180కి చాలా దూరం.

స్టెరాయిడ్ కలపాలా? అలవాటుగా ట్రయామ్సినలోన్ గానీ మిథైల్‌ప్రెడ్నిసలోన్ గానీ 40 మిల్లీగ్రాములు కలుపుతారు. 2015లో వచ్చిన ఒక పరీక్షలో, ఎవరికి ఏది పడిందో డాక్టరుకీ రోగికీ తెలియకుండా, లిగ్నోకైన్ ఒక్కటీ, లిగ్నోకైన్‌లో బీటామెథాసోన్ కలిపినదీ వేసి చూశారు. రెండు గుంపులూ బాగుపడ్డాయి, తేడా తేలలేదు. అంటే స్టెరాయిడ్ తప్పనిసరి అని ఎవరైనా అంటే అది అలవాటు మాట. షుగరు అదుపులో లేనివారు, సికిల్ సెల్ ఉన్నవారు, గర్భిణులు స్టెరాయిడ్ లేకుండానే మొదలుపెట్టవచ్చు. షుగరు ఉండీ వేయించుకుంటే ఆ వారమంతా చక్కెర పెరుగుతుంది. మొదటి అయిదు రోజులు ఇంట్లో మీటరుతో పొద్దున్నా సాయంత్రమూ చూసుకోండి. వేయించుకున్నవారు ఏడాదికి మూడు దాటనివ్వకండి, ఆ లెక్కలో మోకాలికీ భుజానికీ వేయించుకున్నవీ కలుస్తాయి.

బొటాక్స్ అంటే ముఖం ముడతల మందే. కండరాన్ని నెలల తరబడి వదులు చేస్తుంది. మామూలుగా 100 యూనిట్లు వాడతారు, కొన్ని అధ్యయనాల్లో 200 దాకా వాడారు. వారం పది రోజులకు పని మొదలుపెట్టి మూడు నెలల దాకా ఉంటుంది. కాబట్టి తేల్చుకోవడానికి పనికిరాదు, తేలినవాళ్ళకే. మత్తు మందు సూదికి రెండుసార్లు చక్కగా తగ్గి, రెండుసార్లూ తిరిగొచ్చినవారు దాని గురించి అడగవచ్చు. ఒక కంపెనీ యూనిటూ ఇంకో కంపెనీ యూనిటూ ఒకటి కావు. తక్కువ ధరకు ఎక్కువ యూనిట్లు ఇస్తున్నారంటే ఏ బ్రాండో చూడండి. మయస్తీనియా (కండరాలు త్వరగా అలిసి బలహీనపడే జబ్బు) ఉన్నవారికీ గర్భిణులకూ వద్దు.

ఆ రోజు ఎలా వెళ్ళాలి

పొద్దున్న నొప్పి మాత్ర వేసుకోవద్దు. నొప్పి లేకుండా వెళ్తే తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది? గుణుపురం నుంచో మోహన నుంచో బస్సులో కూర్చుని రావడం ఈ ఒక్కరోజుకు మేలే చేస్తుంది, నొప్పి నిండుగా ఉంటుంది. దగ్గరి వాళ్ళు ఓపీ బల్ల మీద అరగంట కూర్చోండి.

రక్తం పలచబడే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు. ఈ ఇంజక్షన్ రక్తస్రావం ప్రమాదం తక్కువున్నవాటి వరసలో ఉంది. వార్ఫరిన్ వాడేవారు ఈమధ్య తీయించిన ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష) రిపోర్టు తెచ్చుకోండి, నిర్ణయం గుండె డాక్టరూ సూది వేసే డాక్టరూ కలిసి చెయ్యాలి.

తోడు ఒకరు ఉండాలి. మందు కొంచెం నరం వైపు జారినా కాలు కొన్ని గంటలు మెత్తబడుతుంది, మెట్లు దిగుతుంటే మోకాలు మడతపడి పడిపోతారు. ఆ రోజు బండి నడపకూడదు. బండి వెనక కూర్చుని ఘాట్ దిగడం కూడా వద్దు. గంటసేపు ఆసుపత్రిలో ఉండి, గోడ పట్టుకోకుండా నడవగలిగాకే బయల్దేరండి.

ఫలితం చదువుకోవడం

ఒక కాగితం మీద పదికి ఎంత నొప్పి అన్నది రాయండి: సూదికి ముందు, పావుగంటకు, అరగంటకు, గంటకు, రెండు, నాలుగు, ఆరు గంటలకు, మర్నాడు పొద్దున్న, మూడో రోజు, వారం, రెండు వారాలు, ఆరు వారాలు. అరగంటకు కూర్చుని చూడండి, పక్కకు పడుకోబెట్టి చేసే పరీక్ష మళ్ళీ చేయించుకోండి.

అరగంటలో సగానికి పైగా తగ్గి, కాలు మాత్రం మొద్దుబారకపోతే కండరమే దోషి అనడానికి గట్టి ఆధారం. సాయంత్రానికి నొప్పి తిరిగొస్తుంది, దానికి హడలిపోకండి, మత్తు దిగింది అంతే. స్టెరాయిడ్ ఉంటే రెండు నుంచి అయిదు రోజుల్లో మళ్ళీ తగ్గడం మొదలవుతుంది.

అరగంటలో బాగా తగ్గి, తర్వాత వారమైనా మళ్ళీ తగ్గకపోతే రోగనిర్ధారణ సరైనదే, వైద్యం చాలలేదు. వ్యాయామం గట్టిగా పట్టుకోండి, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత రెండో సూది గురించి మాట్లాడండి.

పాదం దాకా మొద్దుబారి నొప్పి పోతే ఆ పరీక్ష చెల్లదు. నరం మత్తెక్కింది, కండరం గురించి ఏమీ తెలియలేదు. తక్కువ మందుతో మళ్ళీ చెయ్యాలి.

అరగంటకు ఏమీ తగ్గలేదు, ప్రింటులో మందు కండరంలోనే పడినట్టుంది. అయితే పిరిఫార్మిస్ కాదు. ఇదీ మంచి ఫలితమే. మళ్ళీ అదే సూది వేయించుకోకుండా సాక్రో-ఇలియాక్ కీలు, నడుం, తుంటి వైపు వెతకమనండి. ప్రింటు లేకపోతే కండరం తప్పా, సూది తప్పా ఎప్పటికీ తెలియదు.

అప్పుడు తగ్గకుండా మూడో రోజు నుంచి తగ్గడం గందరగోళపు ఫలితం. స్టెరాయిడ్ రక్తంలో కలిసి ఇంకెక్కడి వాపునో తగ్గించి ఉండవచ్చు. తగ్గినందుకు సంతోషించండి, పిరిఫార్మిస్ అని మాత్రం ముద్ర వేసుకోకండి.

ఎవరికి ఏది

ఎమ్మారై బాగుంది, పిర్ర మధ్యలోనే నొప్పి, ఒళ్ళు మామూలు: అల్ట్రాసౌండ్, లిగ్నోకైన్, స్టెరాయిడ్ మీ ఇష్టం.

ఎమ్మారైలో డిస్కు నరాన్ని నొక్కుతోంది, నొప్పి మోకాలు దాటి పాదం దాకా, దగ్గితే పెరుగుతోంది: పిర్ర సూదితో మొదలుపెట్టవద్దు, వెన్నెముక వైద్యం ముందు. డిస్కు చిన్నది, నొప్పి ఎక్కువగా పిర్రలోనే, కూర్చుంటే వస్తోంది: స్టెరాయిడ్ లేకుండా, 3 మిల్లీలీటర్ల లిగ్నోకైన్‌తో అల్ట్రాసౌండ్ పరీక్ష సూది. ఏ వైపు వెళ్ళాలో అదే చెబుతుంది.

బాగా లావు: ఒకసారి ప్రోబ్ పెట్టి కాలు తిప్పి చూడమనండి. కండరం జారడం కనబడితే అల్ట్రాసౌండ్, కనబడకపోతే సీ-ఆర్మ్ స్టిమ్యులేటర్ జంట, అదీ లేకపోతే సీటీ. గర్భిణి: వ్యాయామమే, తప్పనిసరి అయితే పక్కకు పడుకోబెట్టి అల్ట్రాసౌండ్, మత్తు మందు మాత్రమే.

దగ్గరలో చేత్తో తడిమి వేసేది ఒక్కటే దొరికి, బస్సెక్కితే నాలుగు గంటల్లో అల్ట్రాసౌండ్ దొరుకుతుందనుకోండి. బస్సెక్కండి.

ఆపరేషన్ మాట రెండేళ్ళు తిరిగినా రాకపోవడమే ఎక్కువమందికి జరిగేది. మత్తు మందు సూదికి ప్రతిసారీ తగ్గి, ప్రతిసారీ తిరిగొచ్చి, బొటాక్స్‌కీ నిలవనివారికే ఆ కండరాన్ని కోసి నరాన్ని వదులు చేసే శస్త్రచికిత్స. సూది పరీక్షకు ఒక్కసారి కూడా తగ్గనివారికి ఆ ఆపరేషన్ సలహా ఇస్తే ఇంకో డాక్టరుకు చూపించుకోండి.

సూది వేసిన రెండో రోజు నుంచి సాగదీసే వ్యాయామం మళ్ళీ మొదలుపెట్టాలి. నొప్పి తగ్గిన ఆ కొన్ని వారాలే కండరం మాట వినే రోజులు. వేసిన చోట ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా, మర్నాటికి కూడా పాదం లేవకపోయినా ఆగకుండా వెళ్ళి చూపించుకోవాలి. డిశ్చార్జి కాగితంలో "పిరిఫార్మిస్ ఇంజక్షన్ చేయబడినది" అని ఒక్క ముక్క రాసిస్తే ఒప్పుకోకండి. ఏ వైపు, ఏ మందు, ఎన్ని మిల్లీలీటర్లు, ఏ యంత్రం కింద, ముందు నొప్పి ఎంత, అరగంటకు ఎంత అన్నవి రాయించుకోండి. ఇక్కడ రాసింది రేపు సరిహద్దుకు అవతల డాక్టరు చదవాలి.